పోగు తెగిన చోటు వెతకాలి

సూరత్ నగరంలో లింబాయత్ అనగానే ముందుగా గుర్తొచ్చేది మరమగ్గాల చప్పుడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా ఆ చప్పుడు మధ్యనే బతుకుతున్నాయి. తెలుగు పిల్లల కోసం సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. నేత తెలిసిన ఆ ఇళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేని సంగతి ఒకటుంది. నడుస్తున్న సాంచా, అంటే మరమగ్గం, ఉన్నట్టుండి ఆగితే, సాంచా చచ్చిపోయిందని ఎవరూ అనరు. పేక పోగు తెగి ఉంటుంది, లేదా కండె అయిపోయి ఉంటుంది. పోగు అందకపోతే మగ్గాన్ని ఆపేసే ఏర్పాటు మగ్గంలోనే ఉంది. అది ఆపకపోతే గుడ్డ పాడవుతుంది. అందుకే నేతగాడు ఆగిన మగ్గాన్ని తిట్టడు, పోగు ఎక్కడ తెగిందో చూస్తాడు. ఈవేళ నేను మాట్లాడబోయేది పాత కంప్యూటర్లకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ (స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై) అనే పెట్టె గురించి. ఆ పెట్టె మూగబోయినప్పుడు మనం మగ్గం దగ్గర చూపే తెలివిని పక్కన పెట్టేస్తున్నాం. పెట్టె పోయింది, కొత్తది తెమ్మంటున్నాం. దాని మౌనంలో రెండు రకాలున్నాయని, ఒకటి విరిగిపోయి ఆగడమైతే రెండోది ప్రమాదాన్ని పసిగట్టి ఆగడమని, ఈ రెండింటినీ విడదీసి చూడటమే మరమ్మతులో సగం పని అని ఈ ప్రసంగంలో వివరించే ప్రయత్నం చేస్తాను.

మగ్గాల పేటలో పాత కంప్యూటర్లకు పనేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. నిజానికి కంప్యూటర్‌కు మగ్గంతో చుట్టరికం చాలా పాతది. 1804లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జోసెఫ్ మారీ జకార్డ్ చిల్లులు పొడిచిన అట్టలతో పడుగు పోగులను లేపే యంత్రాన్ని రూపొందించాడు. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. 1830లలో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆదేశాలు అందించడానికి ఆ అట్టల పద్ధతినే ఎంచుకున్నాడు. ఆ అప్పు వడ్డీతో సహా మగ్గానికే తిరిగొచ్చింది. 1983లో ఇంగ్లండుకు చెందిన బోనాస్ సంస్థ అట్టల అవసరం లేని ఎలక్ట్రానిక్ జకార్డును ప్రపంచానికి చూపింది. ఆ తర్వాత జకార్డులకూ, అనేక సూదులతో ఒకేసారి కుట్టే ఎంబ్రాయిడరీ యంత్రాలకూ కంప్యూటరే మేస్త్రీ అయింది. ఫ్లాపీ డిస్కు మీంచి డిజైను చదువుకునే కంట్రోల్ పెట్టె ఉన్న యంత్రం ఏదైనా సరే, దాని లోపల ఉన్నది ఒక పాత కంప్యూటరే. ఎవరో సరదాకు దాచుకున్న బొమ్మలాంటిది కాదది, దాని మీద ఒక ఇంటి జరుగుబాటు ఆధారపడి ఉంటుంది. ఇంకోవైపు, బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ అనే కార్యక్రమం కింద మన దేశంలో తొలి విడతగా సుమారు 250 బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు అందాయి. ఒక తరం పిల్లలు కీబోర్డు మీద తొలిసారి వేలు పెట్టింది వాటి మీదే. బతుకుదెరువు కోసమైనా, చరిత్ర కోసమైనా, ఈ యంత్రాలను మళ్లీ లేపాలంటే ముందుగా తట్టవలసిన తలుపు ఎస్‌ఎంపీఎస్.

ఈ పెట్టె ఏం చేస్తుందో కొంచెం చెప్పుకుందాం, తర్వాతి వాదనంతా దాని మీదే నిలబడుతుంది. మన ఇంటి కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. పాత పద్ధతిలో ఈ కరెంటును బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపి, వోల్టేజీ తగ్గించి, ఎక్కువైనదాన్ని వేడిగా వదిలేసేవారు. తీసుకున్న కరెంటులో సగం దాకా అలా వేడిగానే పోయేది. ఎస్‌ఎంపీఎస్ దారి వేరు. అది ముందు 230 వోల్టులను డీసీగా మారుస్తుంది. ఊగే కరెంటు శిఖరాన్ని పట్టి నిలుపుతుంది కనుక ఆ డీసీ సుమారు 325 వోల్టులకు చేరుతుంది. దాన్ని ఒక ట్రాన్సిస్టరు సెకనుకు పదుల వేల సార్లు తెంపుతూ కలుపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. అంత వేగం ఉండబట్టే ఆ ట్రాన్స్‌ఫార్మర్ గుప్పిట్లో ఇమిడిపోతుంది. అవతలి వైపు 5 వోల్టులు, 12 వోల్టులు తయారవుతాయి. 5 వోల్టులు కాస్త ఎక్కువైనా తక్కువైనా ఆ కబురు ఇవతలికి చేరుతుంది, ట్రాన్సిస్టరు తన నడక సవరించుకుంటుంది. ఈ విద్యను ఏ ఒక్క సంస్థో కనిపెట్టలేదు. 1970ల మొదట్లోనే కొన్ని కంప్యూటర్లలో ఇది ఉంది. 1977లో యాపిల్ 2 కోసం రాడ్ హోల్ట్ దీన్ని చిన్న పెట్టెలో కూర్చి ఇళ్లలోకి తెచ్చాడు. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీకి 63.5 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అమర్చారు. మొదట్లో వచ్చిన బీబీసీ మైక్రోలలో పాతరకం సప్లై విపరీతంగా వేడెక్కడంతో దాని బదులు ఎస్‌ఎంపీఎస్ పెట్టవలసి వచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ఈ పెట్టె పని అంతా ఒక చుట్టు. ఇవతలి నుంచి శక్తి అవతలికి వెళుతుంది, అవతలి నుంచి కబురు ఇవతలికి వస్తుంది. ఆ చుట్టులో ఏ ఒక్క చోట తెగినా మొత్తం ఆగిపోతుంది, ఆగినప్పుడు పైకి కనబడే లక్షణం మాత్రం ఒక్కటే: ఫ్యాను తిరగదు, దీపం వెలగదు. ఫ్యూజు పోయినా అంతే, రూపాయి ఖరీదు రెసిస్టరు పోయినా అంతే, పెట్టె శుభ్రంగా ఉండి కంప్యూటర్ బోర్డులో షార్టు ఉన్నా అంతే. ఐబీఎం పీసీ తరహా యంత్రాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. వోల్టేజీలన్నీ కుదురుకున్నాక సప్లై ఒక ప్రత్యేకమైన తీగ మీద పవర్ గుడ్ అనే సంకేతం ఇస్తుంది. అది అందేదాకా ప్రాసెసరు కదలదు. వోల్టులన్నీ సక్రమంగా ఉన్నా ఆ ఒక్క సంకేతం రాకపోతే కంప్యూటర్ చచ్చినట్టే కనబడుతుంది. పాత సప్లైలు చాలావరకు లోడు లేకుండా ఖాళీగా నడవవు కూడా. 1984 నాటి ఐబీఎం ఏటీని హార్డ్ డిస్కు లేకుండా అమ్మినప్పుడు, ఆ ఖాళీ స్థానంలో 5 ఓముల, 50 వాట్ల పెద్ద రెసిస్టరు ఒకటి బిగించి పంపేవారు. దాని పని కేవలం కరెంటు తాగి వేడెక్కడం. అది లేకపోతే సప్లై లేవదు. ఈ సంగతి తెలియనివాళ్లు సప్లైని విడదీసి, ఒంటరిగా బల్ల మీద పెట్టి, స్విచ్ వేసి, లేవలేదు కనుక పోయిందని తీర్పు చెప్పేస్తారు. అది పోలేదు. మోయడానికి బరువు ఇవ్వలేదని ఆగింది.

లక్షణం ఒకటి, కారణాలు పది. ఇలాంటి చోట ఊహతో పనిచేస్తే పదిలో ఒకసారి తగులుతుంది. వరస పెట్టుకుని కొలిస్తే నాలుగైదు అడుగుల్లో కారణం దొరుకుతుంది. ఆ వరస చెప్పేముందు ప్రాణం సంగతి. 325 వోల్టులు నిలిచి ఉండే పెద్ద కెపాసిటర్లు, మన మెకానిక్కులు కండెన్సర్లు అంటారే అవి, ప్లగ్గు పీకిన తర్వాత కూడా ఆ వోల్టేజీని పట్టుకుని కూర్చోవచ్చు. 220 మైక్రోఫారడ్లవి రెండు సీరీస్‌లో ఉంటే వాటిలో సుమారు 6 జౌళ్ల శక్తి దాగి ఉంటుంది. గుండె మీదుగా వెళితే అది ఆటకాదు. అందుకని ప్లగ్గు పీకాక 2.2 కిలో ఓముల, 10 వాట్ల వైరు చుట్టిన రెసిస్టరును పొడవాటి పిడి ఉన్న కొనలతో ఆ కెపాసిటర్ల మీద కొన్ని సెకన్లు పట్టి, తర్వాత మీటరుతో సున్నా చూసుకున్నాకే వేలు పెట్టాలి. స్క్రూడ్రైవరుతో షార్టు చేసి చిటపటమనిపించడం నేర్పు కాదు, దానివల్ల కెపాసిటరూ పాడవుతుంది, కన్నూ పోవచ్చు. కరెంటు ఉండగా ఇవతలి వైపు కొలవాలంటే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడు వరసలో 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు ఉండాలి. లోపల షార్టు ఉంటే ఆ బల్బు నిండుగా వెలిగి కరెంటునంతా తానే మింగుతుంది, పెట్టె పేలదు. ఇది ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన సీరీస్ బల్బే. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు.

మొదటి సాక్షి ఫ్యూజు. గాజు ఫ్యూజు లోపల నల్లగా మసిబారి ఉంటే, లేదా అద్దంలా మెరుస్తూ ఉంటే, పెద్ద కరెంటు ఒక్కసారిగా దూసుకుపోయిందని అర్థం. అప్పుడు ఇవతలి వైపు బ్రిడ్జి డయోడ్లలోనో, స్విచింగ్ ట్రాన్సిస్టరులోనో షార్టు ఉండే అవకాశం ఎక్కువ. తీగ మాత్రమే సన్నగా తెగి గాజు తేటగా ఉంటే కారణం అంత తీవ్రమైనది కాకపోవచ్చు. ఫ్యూజు పోయిందంటే అది మగ్గం ఆగినట్టే, ఏదో తెగిందని చెబుతోంది. ఆ మాట వినకుండా కొత్త ఫ్యూజు వేసి మళ్లీ స్విచ్ నొక్కేవాళ్లు పోగు అతకకుండా మగ్గాన్ని తోలుతున్నారు. ఇక ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టేవాళ్లు ఆపే ఏర్పాటునే పీకేస్తున్నారు. ఫ్యూజు బాగుంటే రెండో ప్రశ్న: పెద్ద కెపాసిటర్ల మీద 325 వోల్టులు ఉన్నాయా? ఈ ఒక్క కొలత పెట్టెను రెండు ముక్కలు చేసి చూపిస్తుంది. లేవంటే తప్పు ప్లగ్గుకూ ఆ కెపాసిటర్లకూ మధ్యలో ఉంది. ఉన్నాయంటే ముందు భాగం నిర్దోషి, వెతకవలసింది తర్వాతి భాగంలో.

325 వోల్టులు ఉండి కూడా పెట్టె లేవలేదంటే చూడవలసింది మేలుకొలుపు సర్క్యూట్. యూసీ3842 అనే కంట్రోల్ చిప్పు ఉన్న సప్లైలను ఉదాహరణకు తీసుకోండి. 325 వోల్టుల నుంచి ఒక పెద్ద విలువ గల రెసిస్టరు చిన్న కెపాసిటరును నెమ్మదిగా నింపుతుంది. అది సుమారు 16 వోల్టులకు చేరగానే చిప్పు మేలుకుంటుంది. మేలుకున్నాక ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఒక చుట్టు దానికి తిండి పెట్టాలి. ఆ తిండి అందేలోపు వోల్టేజీ 10కి పడిపోతే చిప్పు మళ్లీ నిద్రలోకి జారుతుంది. ఆ చిన్న కెపాసిటరు చాలాసార్లు వేడి హీట్‌సింక్ పక్కనే ఉండి, ఏళ్ల తరబడి ఎండి, పట్టు తప్పుతుంది. కానీ పెట్టె ఒకసారి లేచాక దాని లోపం కనబడదు, వేడి మీద అలా నడిచిపోతూనే ఉంటుంది. దీపావళికి షెడ్లు మూతపడి, చల్లబడిన యంత్రానికి సెలవుల తర్వాత స్విచ్ వేస్తే అది లేవదు. సెలవుల్లో చెడిపోయిందని, ఎలుక కొరికిందని, కరెంటు ఎక్కువ వచ్చిందని రకరకాలుగా అనుకుంటారు. సెలవుల్లో ఏమీ జరగలేదు. ఎప్పటినుంచో ఉన్న బలహీనత చల్లటి మేలుకొలుపులో బయటపడింది. రోజంతా నడిచిన యంత్రం కరెంటు పోయి వచ్చాక లేవడం లేదంటే, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెడితే లేస్తుందంటే, ముందుగా అనుమానించవలసింది ఆ చిన్న కెపాసిటరునే.

ఇంకోరకం లక్షణం టిక్ టిక్ అనే సన్నని చప్పుడు. చాలామంది దాన్ని చావు మూలుగుగా వింటారు. నిజానికి పెట్టెలో ప్రాణం ఉందనడానికి అంతకంటే మంచి ఆనవాలు లేదు. ప్రతి టిక్కూ ఒక ప్రయత్నం. చిప్పు మేలుకుంటోంది, అవతల ఏదో తప్పు ఉందని గ్రహిస్తోంది, వెనక్కి తగ్గుతోంది, మళ్లీ ప్రయత్నిస్తోంది. ఇక్కడ చేయవలసిన పని తేలిక. కరెంటు తీసి, కంప్యూటర్ బోర్డు, డిస్కు డ్రైవులు అన్నీ విప్పి, వాటి బదులు లెక్క తెలిసిన లోడు పెట్టాలి. 5 వోల్టుల మీద 5 ఓముల, 10 వాట్ల రెసిస్టరు పెడితే 1 ఆంపియరు తీసుకుంటుంది. 12 వోల్టుల మీద కారు బల్బు సరిపోతుంది. అప్పుడు టిక్ టిక్ ఆగి వోల్టులు నిలబడితే పెట్టె నిర్దోషి, దొంగ కంప్యూటర్‌లో ఉన్నాడు. తొలితరం ఐబీఎం పీసీ, ఎక్స్‌టీ బోర్డుల మీద 12 వోల్టుల దారిలో ఉండే టాంటలం కెపాసిటర్లు షార్టు కావడం పేరుమోసిన లోపం. ఎండుద్రాక్షంత ఉండే ఆ చుక్క ఒక్కటి షార్టయితే పెట్టె తనను తాను ఆపుకుంటుంది. ఆ చుక్కను మార్చకుండా పెట్టెను మారిస్తే కొత్త పెట్టె కూడా మూగబోతుంది. ఆ కొత్త పెట్టెకు రక్షణ ఏర్పాటు సరిగా లేకపోతే ఆ చుక్కతోపాటు బోర్డు మీది రాగి గీత కూడా కాలుతుంది. లోడు మార్చినా టిక్ టిక్ ఆగలేదంటే, అవతలి వైపు డయోడ్లు షార్టయ్యాయేమో చూడాలి, తర్వాత కబురు మోసే దారిని చూడాలి.

మౌనం కంటే భయపడవలసింది ఒకటుంది, అది హద్దు మీరిన వోల్టేజీ. పాత కంప్యూటర్లలోని టీటీఎల్ చిప్పులు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య పనిచేసేలా తయారయ్యాయి, 7 వోల్టులు వాటికి ఆఖరి గీత. కబురు మోసే దారి తెగితే, అవతల 5 వోల్టులు ఉన్నాయన్న సంగతి ఇవతలికి చేరదు. తక్కువగా ఉందేమో అనుకుని పెట్టె ఇంకా ఇంకా తోస్తుంది. మంచి డిజైనులో అప్పుడు ఒక కాపలా భాగం వోల్టేజీని షార్టు చేసి పెట్టెను నిలువునా ఆపేస్తుంది. ఇదీ మనకు కనబడేది మౌనంగానే. ఇలాంటి సమయంలో ఆ కాపలా భాగమే చెడిందనుకుని దాన్ని పీకేసి నడిపించేవాళ్లున్నారు. పెట్టె నిజంగానే లేస్తుంది, లేచిన మరుక్షణం బోర్డు మీది చిప్పుల్లో సగం పోతాయి. ఆ చిప్పుల్లో కొన్ని ఈరోజు ఎక్కడా దొరకవు. అందుకే చాలాకాలం మూలన పడి ఉన్న పెట్టెను తొలిసారి లేపేటప్పుడు దాన్ని కంప్యూటర్‌కు తగిలించకూడదు. కృత్రిమ లోడు మీద ముందు నడిపి, ప్రతి వోల్టేజీ కొలిచి, కాసేపు వేడెక్కనిచ్చి, మళ్లీ కొలిచి, అప్పుడే యంత్రానికి కలపాలి.

ఇంతవరకూ చెప్పింది పరీక్ష. ఈ పెట్టెలు ఎందుకు బలహీనపడతాయో కూడా చూడాలి, ఎందుకంటే లింబాయత్‌లాంటి చోట ఆ కారణాలన్నీ ఒక్క కప్పు కింద ఉంటాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు లోపల ద్రవం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఆవిరవుతుంది. ప్రతి 10 డిగ్రీల వేడికీ దాని ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు వాడే స్థూలమైన లెక్క ఒకటుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేస్తుందని ముద్ర ఉన్న కెపాసిటరు 65 డిగ్రీల దగ్గర సుమారు 32,000 గంటలు, 75 దగ్గర 16,000 గంటలు నిలుస్తుంది. రాత్రీ పగలూ ఆగకుండా నడిచే యంత్రంలో 32,000 గంటలంటే మూడున్నరేళ్లు, 16,000 అంటే రెండేళ్లు కూడా లేదు. ఫ్యానుకు నూలు దుమ్ము పట్టి గాలి ఆగితే ఆ 10 డిగ్రీలు పెరగడం ఎంతసేపు? ఫ్యాను దుమ్ము దులపడమనే చిన్న పని కెపాసిటరు ఆయుష్షును రెట్టింపు చేస్తుందని ఈ లెక్క చెబుతోంది. మగ్గాల అదురు బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల దగ్గర టంకాన్ని పగులగొడుతుంది. భూతద్దంతో చూస్తే కాలి చుట్టూ సన్నని ఉంగరంలా ఆ పగులు కనబడుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు కనుక గాలిలో తేమ ఉంటుంది. ఇది మరో పాత శత్రువుకు బలం. 1980ల నాటి ఎన్నో సప్లైలలో, బీబీసీ మైక్రోతో సహా, కరెంటు లోపలికి వచ్చే చోట రిఫా కంపెనీ కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. వాటి పారదర్శకమైన పెంకు ఏళ్లు గడిచేకొద్దీ బీటలు వారుతుంది, బీటల్లోంచి తేమ కాగితాన్ని చేరుతుంది, ఓ రోజు స్విచ్ వేయగానే గుప్పున పొగ. గది నిండా కంపు కొట్టినా చాలాసార్లు పెట్టెలో మిగతాదంతా క్షేమంగానే ఉంటుంది. ఇవి కనబడితే కొలతలతో పనిలేదు, ఎక్స్2 ముద్ర ఉన్న అదే విలువ ఫిల్మ్ కెపాసిటరుతో మార్చేయాలి. మామూలు కెపాసిటరు ఆ చోట పెట్టకూడదు, అది నిప్పుకు దారి.

నీటి సంగతి సూరత్‌కు వేరే చెప్పక్కర్లేదు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో చాలా భాగం మునిగిపోయింది. లింబాయత్ పక్క మీఠీ ఖాడీ వానాకాలంలో పొంగడమూ అక్కడివారికి తెలిసిందే. మునిగిన పెట్టెను ఎండబెట్టి స్విచ్ వేయడం పెద్ద పొరపాటు. నీరు పోయినా బురదలోని ఉప్పులు బోర్డు మీదే ఉంటాయి, అవి కాస్త తేమ తగిలితే చాలు, కరెంటుకు దారి ఇస్తాయి. మునిగిన పెట్టెను విప్పి, మంచినీటితో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల లోపలి తేమ పోయేదాకా రోజుల తరబడి ఆరబెట్టి, 325 వోల్టుల వైపుకూ 5 వోల్టుల వైపుకూ మధ్య ఇన్సులేషన్ మెగ్గరుతో పరీక్షించాకే కరెంటు ఇవ్వాలి. ఆ పరీక్షలో నిలవకపోతే దాన్ని వదులుకోవడమే మేలు.

ఇక అభ్యంతరాలు. మొదటిది బలమైనదే: కొత్త సప్లై బజారులో దొరుకుతుంది కదా, గంటలు గంటలు ఈ తంటా ఎందుకు, యంత్రం ఆగితే కూలి పోతుంది కదా అని. కూలి పోతుందన్న మాట నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోను. షెడ్డులో యంత్రం ఆగినప్పుడు సిద్ధంగా ఉన్న మంచి సప్లై పెట్టి నడిపించడంలో తప్పేమీ లేదు. కానీ ఆ పని చేసేముందు అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. పాతది ఎందుకు ఆగింది? కొత్తది పాతదాని పనులన్నీ చేస్తుందా? మొదటి ప్రశ్నకు జవాబు లేకుండా కొత్తది తగిలిస్తే, బోర్డులోని షార్టు దాన్ని కూడా ఆపుతుంది, డబ్బూ పోతుంది కూలీ పోతుంది. రెండోదానికి తొలి ఐబీఎం పీసీయే ఉదాహరణ. అందులోని కొన్ని మెమరీ చిప్పులకు 5, 12 వోల్టులతోపాటు మైనస్ 5 వోల్టులు కూడా కావాలి. మైనస్ 5 లేకుండా 12 వోల్టులు తగిలితే ఆ చిప్పులు పాడవుతాయి. 2000ల మొదట్లో ఏటీఎక్స్ సప్లైల నుంచి మైనస్ 5 తీసేశారు. రంగు చూసి తీగలు కలిపేస్తే యంత్రానికి మేలు బదులు కీడు జరుగుతుంది. యంత్రాల కంట్రోల్ పెట్టెల్లో ఇంకా విచిత్రమైన వోల్టేజీలు ఉంటాయి. లోడు మీద వోల్టేజీలన్నీ కొలవడానికి పట్టేది అరగంట. ఆ అరగంట దాచుకోబోయి రెండు రోజుల కూలి పోగొట్టుకోవడం లెక్క తెలిసిన పని కాదు.

రెండో అభ్యంతరం మెకానిక్కుల నుంచే వస్తుంది. ఇంత పరీక్షలెందుకు, పాతది కనుక కెపాసిటర్లన్నీ మార్చేస్తే పోలా అంటారు. ఇందులో కొంత నిజముంది. ముప్ఫై, నలభై ఏళ్ల కెపాసిటర్లను ఎలాగూ మార్చవలసి వస్తుంది, రిఫా రకాన్ని వెంటనే మార్చాలని ఇందాకే చెప్పాను. తేడా అంతా వరసలో ఉంది. కొలవకముందే అన్నీ పీకేస్తే సాక్ష్యం చెరిగిపోతుంది. అసలు తప్పు ఓ పగిలిన టంకంలోనో, తెగిన రెసిస్టరులోనో ఉంటే ఇరవై కెపాసిటర్లు మార్చాక కూడా పెట్టె లేవదు. పైగా ఇప్పుడు కొత్త అనుమానం మొదలవుతుంది: వీటిలో ఒకటి తిరగేసి బిగించానా, పాత బోర్డు మీది సన్నని రాగి గీత వేడికి లేచిపోయిందా? ఒక తప్పు ఉన్న చోట రెండయ్యాయి. ముందు కొలిచి, తప్పు పట్టి, పెట్టెను లేపి, ఆ తర్వాత ముసలి కెపాసిటర్లను కొన్ని కొన్నిగా మారుస్తూ ప్రతిసారీ పరీక్షిస్తే ఎక్కడ పొరపాటు జరిగినా అక్కడే తెలుస్తుంది. కెపాసిటరు విలువ మీటరులో సరిగ్గా చూపినా దాని లోపలి నిరోధం పెరిగి ఉండవచ్చు కనుక, ఆ నిరోధాన్ని కొలిచే ఈఎస్ఆర్ మీటరు ఇలాంటి పని చేసేవారి చేతిలో ఉండటం మంచిది.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. 325 వోల్టులతో ఆడుకోమని రేడియోలో చెప్పడం సబబేనా? ఈ ప్రశ్న వేసినవారితో నాకు పేచీ లేదు. కెపాసిటరు ఖాళీ చేయడం రానివారు, మీటరు ఎక్కడ పెడుతున్నామో తెలియనివారు పెట్టె మూత తీయకూడదు. కానీ మూత తీయకుండా చేయగలిగిన పరీక్షలు కూడా తక్కువేం కాదు. కరెంటు తీసి లోడు విప్పవచ్చు. కృత్రిమ లోడు పెట్టి అవతలి వైపు తక్కువ వోల్టేజీలను కొలవవచ్చు. చప్పుడు వినవచ్చు. ఏ పరిస్థితిలో ఆగిందో, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, కరెంటు పోయి వచ్చాకా, రాసుకోవచ్చు. ఈ నాలుగు సంగతులు కాగితం మీద రాసి తీసుకెళితే మరమ్మతు చేసేవారికి సగం దారి కలిసొస్తుంది. పెట్టె పోయింది అనే ఒక్క ముక్కతో తీసుకెళితే ఆయన కూడా ఊహతోనే మొదలుపెడతాడు. తెలివంటే అన్నీ స్వయంగా విప్పడం కాదు, విప్పేవారికి సరైన సమాచారం అందించడం కూడా తెలివే.

నేతలో ఈ జ్ఞానం మనవాళ్లకు కొత్తది కాదని మొదట్లో అన్నాను. పోగు తెగితే సాంచా ఆగుతుంది, ఆగిన చోట వెతికితే తెగిన కొస దొరుకుతుంది, దొరికినదాన్ని ముడి వేస్తే నేత సాగుతుంది. ఎస్‌ఎంపీఎస్ తయారుచేసిన ఇంజనీరు కూడా సరిగ్గా ఈ ఆలోచనతోనే దానికి ఆగడం నేర్పాడు. జకార్డు అట్టల మీది చిల్లుల నుంచి కంప్యూటర్ దాకా వచ్చిన ఆలోచన ఇంకో రూపంలో మళ్లీ మగ్గం దగ్గరికి చేరింది, దాన్ని అర్థం చేసుకునే హక్కు, ఓపిక నేతవారికి కాకపోతే ఇంకెవరికి? ఈసారి షెడ్డులో ఓ పాత కంట్రోల్ పెట్టె మూగబోతే, కొత్తది తెమ్మని మనిషిని పంపేముందు దాని లోడు విప్పి, లెక్క తెలిసిన రెసిస్టరు ఒకటి తగిలించి, 5 వోల్టులు వస్తున్నాయా అని కొలిపించండి. వస్తే ఆ పెట్టె ఇంతసేపూ మీ యంత్రాన్ని కాపాడుతూ ఉందని తెలుస్తుంది. రాకపోతే ఎక్కడి నుంచి వెతకాలో తెలుస్తుంది.